ఊపిరి చెప్పెడి మాట



మీ గ్రామ యువకులెందరో ఉద్యోగ పరీక్షలకై చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరులలో ఇరుకు గదులందు వసించి చదువుచున్నారు. వారు దగ్గుతో ఇల్లు చేరినచో ఉపేక్షింపరాదు.

మనము మామూలుగా పీల్చునది సుమారు అర లీటరు గాలి. నిండుగా పీల్చి పూర్తిగా విడిచినచో, ఆరోగ్యవంతులైన పెద్దలలో 3 నుండి 5 లీటర్లు వెలువడును. స్పైరోమీటరు దీనిని కొలుచును. ఉబ్బసమున గాలి నిదానముగా వెడలును; పిల్లికూతలు వినవచ్చును. న్యుమోనియాలో వేడి పెనముపై ఉప్పువలె చిటపట ధ్వని స్టెతస్కోపున వినబడును.

అయితే క్షయ మొదట ఏ ధ్వనియు చేయకపోవచ్చును. కావున రెండు వారములు దాటిన దగ్గునకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున ఉచితముగా తెమడ పరీక్ష చేయించవలెను. క్షయ మందులతో నయమగును, జాప్యమే ప్రమాదము. అట్టివారిని సకాలమున పంపుట మీ కర్తవ్యము.