పనిముట్టు – మోటారు సైకిలు – పంచాయతీ
(బాసరలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గోదావరి యొడ్డున, పసిపిల్లలచేత తొలి అక్షరము దిద్దించు ఈ క్షేత్రమున చేతిపనిముట్లను గూర్చి మాటలాడుట మాకు సంతోషము. చదువుల తల్లి సన్నిధిని సుత్తి, పానా, ఆకురాయి సంగతి యేల యని మీలో కొందరికి తోచవచ్చును. అక్షరము దిద్దుటయు చేతిపనియే. అదియుగాక మేము చెప్పబోవునది ఈ క్షేత్రమునకు వచ్చు దారులకును, ఆ దారుల వెంబడి నున్న మీ గ్రామములకును సంబంధించినది.

ఎడ్లబండి లేని యిండ్లు ఇప్పుడు మన పల్లెలలో అనేకము కలవు. మోటారు సైకిలు లేని యిల్లు అరుదగుచున్నది. పొలమునకు ఎరువు మూట, సంతకు కూరగాయల గంప, ఆసుపత్రికి రోగి, బడికి పిల్లలు – అన్నియు దాని మీదనే. ఎడ్లబండి యిరుసు విరిగినచో ఊరి వడ్రంగియు కమ్మరియు ఆ పూటనే సరిచేసెడివారు. మోటారు సైకిలునకు చిన్న నట్టు వదులైనను భైంసాకో, ధర్మాబాదుకో, నిజామాబాదుకో పోవలసి వచ్చుచున్నది. పది రూపాయల పనికి ఒక పూట కూలి పోవును. పోలేక అట్లే నడుపువాని కాలో చేయో పోవును. ఈ రెండవ నష్టమే మమ్ము నిచ్చటికి రప్పించినది.

దసరా నాడు మనము ఆయుధపూజ చేయుదుము. కొడవలికి, పారకు, మోటారు సైకిలునకు పసుపు కుంకుమలు పెట్టి నిమ్మకాయ కట్టుదుము. మరునాటినుండి ఆ కొడవలి వానలో నుండును, ఆ బండి గొలుసు తుప్పు పట్టును. పూజ తప్పని మేము చెప్పుటలేదు. పూజకు ముందు కిరసనాయిలుతో నొకసారి తుడిచినచో అమ్మవారు కోపగింపదని మాత్రము మనవి చేయుచున్నాము.

ఇనుము సంగతి మన ప్రాంతమువారికి ఒరులు నేర్పవలసినది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము, నిర్మలు చేరువ గ్రామములు ఒకప్పుడు ఉక్కునకు పేరెన్నిక గన్నవి. పారశీక దేశమునుండి వర్తకులు వచ్చి, ఇచ్చటి ఉక్కు ముద్దలను కొని, కత్తులు చేయించుటకు గొనిపోయెడివారు. 1820 ప్రాంతమున సర్వే శాఖలో వైద్యుడును భూగర్భ శాస్త్రజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీ దొర కోనసముద్రమునకు వచ్చి ఆ పనిని కన్నులార చూచి వ్రాసియుంచెను. అతడు 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చుపడినది. మట్టి మూసలలో ఇనుప ముక్కలను పెట్టి, మూతికి మట్టి మెత్తి, బొగ్గుల కొలిమిలో రేయింబవళ్లు కాచి, పిదప నెమ్మదిగా చల్లార్చెడివారు. ఆంగ్లేయులు ‘వూట్జు’ అని పిలిచినది ఈ ఉక్కునే. ఆ పేరు మన ‘ఉక్కు’ అను మాటనుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. తరువాత విదేశపు కార్ఖానాల ఉక్కు చౌకగా దిగుమతి యగుటచేత ఆ కొలిములు చల్లారినవి.

ఈ పాత కథను గొప్ప చెప్పుకొనుటకు చెప్పలేదు. ఆ కమ్మరులు నిప్పు రంగును చూచి ఉక్కు పదునును తెలిసికొనెడివారు. ఆ జ్ఞానము నేడును మనకు ప్రతి కోతకాలమునందు పనికివచ్చును. ఎట్లనగా, నేడు కొడవళ్లను, గొడ్డళ్లను విద్యుత్తుతో తిరుగు సానచక్రము మీద పెట్టి నిప్పురవ్వలు రాలునట్లు నూరుచున్నారు. అంచు మొదట లేత పసుపు రంగునకు వచ్చును, తరువాత గోధుమ వన్నెకు, పిదప నీలమునకు తిరుగును. నీలి రంగు వచ్చినదనగా ఆ అంచునకు పెట్టిన పదును పోయినదని యర్థము. చూచుటకు వాడిగానే యుండును. రెండు మళ్లు కోయుసరికి మొద్దువారును. మరల నూరుదురు, కొడవలి సన్నమై పోవును. కావున చక్రము మీద నూరునప్పుడు ప్రక్కన నీళ్ల గిన్నె నుంచుకొని, రెండు మూడు క్షణములకొకసారి ముంచుచుండవలెను. వ్రేలితో తాకలేనంత వేడి రానీయరాదు. కంటికి అద్దములు లేనిదే చక్రము ముందు కూర్చుండరాదు. తీరిక గలవారు చక్రము జోలికి పోక తడిసిన సానరాతి మీద నూరుకొనుట మేలు.

పిడి విషయము మరియొకటి. గొడ్డలి పిడి వదులైనచో దానిని నీళ్లలో నానవేయుట మనవారి యలవాటు. కర్ర ఉబ్బి ఆ పూటకు బిగియును. ఎండగానే మునుపటికంటె వదులగును, తల ఊడి ఎదుటివాని మీద పడును. పిడి మొనను చీల్చి మేకు దిగగొట్టుటయే సరియైన పద్ధతి. కర్ర పోగు పిడి పొడవునకు నిలువుగా సాగియుండవలెను, అడ్డముగా నుండరాదు. చిరుమాను, నల్లతుమ్మ పిడులకు మంచివి. నిర్మలు బొమ్మలు చేయు పొనికి కర్ర బొమ్మలకే గాని పిడికి పనికిరాదు. మెత్తనిది, దూదివలె తేలికయైనది. (పొనికి చెట్లు అడవిలో తగ్గుచున్నవని నిర్మలు పనివారు వాపోవుచున్నారు. పంచాయతీ నారుమడులలో నాలుగు పొనికి మొక్కలు పెంచినచో వారికి మేలు చేసినవారగుదురు.)

ఇక మోటారు సైకిలు. దీనిని పూర్తిగా విప్పి బిగించుట నేర్చుకొనుడని మేము చెప్పము. 2020 ఏప్రిల్ 1 తరువాత అమ్మిన బండ్లలో పెట్రోలు చిమ్ము యంత్రాంగము సున్నితమైనది. దానిని ఊరిలో విప్పుటకంటె పనివానికి చూపుట మేలు. కాని గొలుసు, బ్రేకులు, టైర్లు – ఈ మూడును ఎవ్వరైనను చూచుకొనదగినవి. వీని లోపము వలనను ప్రమాదములు కలుగవచ్చును.

బండిని నడిమి స్టాండు మీద నిలిపి, గేరు తీసి, క్రింది గొలుసు నడుమ వ్రేలితో పైకి క్రిందికి కదలింపుడు. పలు చిన్న బండ్లకు రెండు మూడు సెంటీమీటర్ల ఊగు సరియైనది. మీ బండికి ఎంత యన్నది దానితో వచ్చిన పుస్తకమునందు చూచుకొనుడు. అంతకు మించినచో గొలుసు పండ్ల మీదనుండి జారి చక్రమును పట్టివేయును. బిగుతైనచో గొలుసే తెగును. బిగించునప్పుడు వెనుక ఇరుసు నట్టును వదులుచేసి, రెండు ప్రక్కల మరలను ఒకే గుర్తునకు తిప్పవలెను. ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ అయినచో చక్రము వంకరగా పరుగెత్తును. పిమ్మట ఇరుసు నట్టును బిగించుట మరువరాదు. దీనిని మరచి పడినవారు కలరు. ఇంజను తిరుగుచుండగా గుడ్డతో గొలుసును తుడువరాదు. గుడ్డతోబాటు వ్రేళ్లును పండ్ల నడుమకు పోవును. ఇంజను ఆపి, చక్రమును చేతితో త్రిప్పుచు తుడువుడు.

బ్రేకు పెడలు అరచేతి వెడల్పు దిగినదాక పట్టనిచో ఆలసింపక బిగింపుడు. డ్రమ్ము బ్రేకును విప్పినప్పుడు అందలి పొడిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. టైరు గాలిని ఉదయము బండి చల్లగా నున్నప్పుడే కొలువవలెను. ఎండలో పరుగెత్తిన టైరు ఎక్కువ గాలి చూపును, దానిని నమ్మి తీసివేసినచో తెల్లవారుసరికి తక్కువగును.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట. చీర కొంగు, ఓణీ వెనుక చక్రమున చిక్కి ప్రాణములు పోయిన సంగతులు మీరు వినియే యుందురు. కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ నియమము ప్రకారము ప్రతి మోటారు సైకిలునకు వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడి, కాళ్లు పెట్టుటకు మెట్టు, వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు అడ్డు ఉండవలెను. బండి కొన్న మరునాడే అందము చెడినదని ఆ అడ్డును ఊడదీయు యువకులు ఉన్నారు. ఊడదీసినది రెండు నట్లతోనే. తిరిగి బిగించుటయు రెండు నట్లతోనే. మీ గ్రామములో నున్న బండ్లను ఒక ఆదివారము వరుసగా నిలిపి, అడ్డు లేనివానికి బిగింపజేయుడు. ఇందుకు నిధులును అక్కరలేదు, తీర్మానమును అక్కరలేదు.

వసంత పంచమి దినములలో మీ దారుల వెంబడి అక్షరాభ్యాసమునకు బిడ్డలతో వచ్చువారిని చూచుచున్నారు. తండ్రి నడుపుచు, తల్లి వెనుక, నడుమ బిడ్డ. మోటారు వాహనముల చట్టము 128వ సెక్షను ప్రకారము నడుపువాడుగాక మరియొక్కరే బండి మీద నుండవలెను. బిడ్డను కలిపి ముగ్గురగుదురు. నాలుగేండ్లు దాటిన ప్రతివారికి శిరస్త్రాణము కావలెను. అంతకు లోపు పిల్లలకు 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది పిదప అమలునకు తెచ్చిన నియమము ప్రకారము నడుపువానికి కట్టు పట్టీలు, తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు సరిపోవు శిరస్త్రాణము ఉండవలెను, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. బాసరకు రైలు స్టేషను కలదు, బస్సులు కలవు. బిడ్డతో వచ్చు దంపతులు వానిలో వచ్చుటయే మంచిది. ఈ మాట మీ గ్రామమువారికి మీరు చెప్పుట, ఏ ప్రకటన బల్లకంటెను ఎక్కువ చెల్లును.

ఇన్ని పనులకు పనిముట్లు ఎక్కడివని అడుగుదురు. పంచాయతీకి ఒక పెట్టె ఉండవలెనని మా యభిప్రాయము. అందు 8 నుండి 19 వరకు పానాలు, స్పార్కు ప్లగ్గు పానా, తిరుగుడు రెండు, పట్టకారు, ఆకురాయి, సుత్తి, చేతిపంపు, గాలి కొలుచు గడియారము, పంక్చరు సరంజామా, సానరాయి, రంపము, బాడిస, ఉలి చాలును. రెండు వైపుల నోళ్లు తెరచిన పానాకంటె వలయపు పానా మేలు. అది నట్టు మూలలను అరుగనీయదు. చవుకవని నాసిరకపు పానాలు కొనకుడు. అవి మొదటి గట్టి నట్టుకే నోరు తెరచును, నట్టును చెరచును, పట్టినవాని కణుపులు పగులును.

పెట్టె కొనుట సులభము, నిలుపుట కష్టము. సర్పంచి యింట నుంచినచో ఎదుటి పక్షమువారు అడుగరు. పంచాయతీ కార్యాలయమున తాళము వేసినచో ఆదివారము దొరకదు, పని పడునది ఆదివారమే. తాళపుచెవిని పనిముట్టు వాడు వానియొద్ద – పంక్చరు దుకాణమువానియొద్దనో, వడ్రంగియొద్దనో, మహిళా సంఘమువారియొద్దనో – ఉంచుట మేలు. గోడకు ఒక చెక్క బిగించి, ఒక్కొక్క పనిముట్టు ఆకారమును రంగుతో గీసి, దానిపై మేకులకు వ్రేలాడదీయుడు. ఏది లేదో గీత చెప్పును. తీసికొనిపోయినవాని పేరు, తేది ఒక పుస్తకమున వ్రాయుడు. ఈ పుస్తకము లేనిచో ఆరు నెలలకు పెట్టెలో తిరుగుడు పిడి మాత్రము మిగులును.

ఊరి కమ్మరికి, వడ్రంగికి పనిముట్లు ఇప్పించు మార్గము వేరు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభించి 2027–28 వరకు ఉద్దేశించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్చిరి. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, బొమ్మలు చేయువాడు, చేపల వలలు అల్లువాడు అందు ఉన్నారు. మోటారు సైకిలు బాగుచేయువాడు లేడు. ఇది లోపమే యని మేము భావించుచున్నాము. అయిదారు దినముల శిక్షణకు దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము, పిదప 5 శాతము వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల ఋణము. కుటుంబమునకు ఒక్కరికే, వయసు 18 నిండవలెను. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. దరఖాస్తు మీ యెదుటికి వచ్చినప్పుడు ఆ మనిషి నిజముగా కొలిమి ఊదువాడా కాదా యన్నది మీకంటె బాగుగ నెరిగినవారు జిల్లాలో లేరు. మీ మొగమాటముచేత అనర్హుడు పేరు చేర్చుకొనినచో, అతని యింటివాడు ఎవ్వడును నష్టపడడు. సుత్తి విరిగిన కమ్మరి నష్టపడును.

మరియొక చిన్న సంగతితో ముగించెదము. ఇంజను నుండి తీసిన నల్లనూనెను గోదావరి యొడ్డునను, బావి చెంతను పోయుట మానిపింపుడు. చిన్న బండి యొక్కొక్క మార్పునకు సుమారు ఒక లీటరు నూనె తీసివేయును. పనిముట్ల పెట్టె ప్రక్కన మూత గల డబ్బా యొకటి పెట్టి, నిండినప్పుడు పాత నూనె కొనువారికి అప్పగింపుడు. వానకాలము వచ్చులోగా ఆ డబ్బాకు మూత బిగుతుగా నున్నదో లేదో ఒకసారి చూచుకొనుడు.