ముందుగా విరుగవలసిన దేది?

మాఘమాసము వచ్చినదనగా గుంటూరు నుండి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు పోవు బాటసారికి రెండు రంగులు మిక్కుటముగా కనబడును. ఒకటి కళ్లములలో ఎండుచున్న మిరపకాయల ఎరుపు. రెండవది జిన్నింగు మిల్లుల ఆవరణలలో గుట్టలుగా పోసిన ప్రత్తి తెలుపు. ఆ పంటలను గూర్చియు, వాని ధరలను గూర్చియు రేడియోలో ప్రసంగములు ఎన్నియో వచ్చినవి. నేడు మేము చెప్పబూనినది ఆ తెలుపునకును ఆ ఎరుపునకును వెనుక, కంటికి ఆనక, చమురోడుచు తిరుగుచుండు ఇనుమును గూర్చి. ఒక షాఫ్టు, ఒక గేరు, ఒక బేరింగు, బొటనవ్రేలంత ఒక ఉక్కుముక్క: వీని కొలతలను నిర్ణయించు విద్యను మన బిడ్డలు మెకానికల్ ఇంజనీరింగు చదువులో ఎట్లు నేర్చుచున్నారు, ఎట్లు నేర్వవలసియున్నది అనునదే విషయము.

ఒకప్పుడు ఈ చదువునకై మన ప్రాంతపు విద్యార్థి మదరాసు నందలి గిండీకో, 1946లో ఆరంభమైన కాకినాడ కళాశాలకో పోవలసివచ్చెడిది. బాపట్లలో 1981లోను, గుంటూరు చెంత చౌడవరమున 1985లోను ఇంజనీరింగు కళాశాలలు వెలసిన పిమ్మట ఆ విద్య మన పొలముగట్టు దాక నడచివచ్చినది. మేమును పాతికేండ్ల క్రిందట ఇట్టి కళాశాల యొకదానిలో యంత్రవిద్య నభ్యసించి, తరువాత రేడియో ఉద్యోగములో చేరినవారమే. కనుక ఇందు చెప్పబోవు తప్పులు పరులవి కావు, మావే.

నాలుగేండ్ల చదువులో మొదట చిత్రలేఖనము, బలముల గణితము, పిదప పదార్థముల బలశాస్త్రము నేర్పుదురు. మూడవ యేట యంత్రభాగముల రూపకల్పన వచ్చును. అందు విద్యార్థి ప్రతి భాగమును గూర్చియు నాలుగు ప్రశ్నలు వేసికొనును. దీనిపై పడు బలమెంత? దీనిని ఏ లోహముతో చేయవలెను? దీని ఆకార మెట్టిది? దీని కొలత యెంత? కోయంబత్తూరు పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలవారు కూర్చిన దత్తాంశగ్రంథము ఈ విద్యార్థులకు పెద్దబాలశిక్ష వంటిది. లోహముల బలములు, బేరింగుల కొలతలు, గేరుపండ్ల లెక్కలు అన్నియు అందు పట్టికలుగా ఉన్నవి. పరీక్షామందిరములోనికి సైతము దానిని తీసికొనిపోనిత్తురు.

ఈ లెక్కలు అందరకును అందనివి కావు. ఒక మోటారు నిమిషమునకు వేయి చుట్లు తిరుగుచున్నదనుకొందము. అదే శక్తిని గేర్లద్వారా నూరు చుట్లు తిరుగు రోలరునకు అందించినచో, రోలరు షాఫ్టును మెలిపెట్టు బలము పదింతలగును. వేగము తగ్గినకొలది మెలి పెరుగును. అట్లని షాఫ్టును పదింతలు లావు చేయవలెనా? అక్కరలేదు. అదే ఉక్కుతో చేసిన కడ్డీకి మెలిని ఓర్చు శక్తి, దాని మందమును మూడుమారులు హెచ్చవేసినట్లు పెరుగును. మందము రెండింతలైన శక్తి ఎనిమిదింతలు. కావున పదింతల మెలికి రెండింతలకు కొంచెము పై మందము చాలును. ఈ సూక్ష్మము తెలిసిననాడు మాకు కలిగిన ఆనందము చెప్పనలవికానిది. ఆ యానందముతోనే ఒక షాఫ్టునకు 33.7 మిల్లీమీటర్లని లెక్క తేల్చి అధ్యాపకునకు చూపితిమి. ఆయన కళ్లజోడు సవరించుకొని, “నాయనా, ఈ కొలత కడ్డీ ఏ అంగడిలో దొరకును?” అనెను. అంగడిలో దొరకునది 35. లెక్క ముగిసిన తావున రూపకల్పన మొదలగునని మాకు తొలిసారి తోచినది ఆనాడే.

రెండవ పాఠము ఇంతకన్న గంభీరమైనది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమున, వెర్సాయి నుండి పారిసునకు మరలుచున్న రైలుబండి యింజను ఇరుసు విరిగి, మంటలు చెలరేగి, ఏబదిమందికి పైగా మరణించిరి. పగిలిపోవునంతటి బరువు లేకయే అంత లావు ఇరుసు ఏల విరిగెను? మరుసటి సంవత్సరముననే రాంకిన్ అను స్కాట్లాండు ఇంజనీరు, ఇరుసు మందము హఠాత్తుగా మారు మూలలను గుండ్రము చేయవలెనని చెప్పెను. పిమ్మట ప్రష్యా రైల్వేలలో పనిచేసిన వోలర్ ఏండ్ల తరబడి ఇరుసులను పరీక్షించి కారణమును స్థాపించెను. లోహము ఒక్క పెనుభారమునకే విరుగదు. చిన్న భారమైనను లక్షల మారులు వంచి విడిచినచో, గాడి వద్దనో మూల వద్దనో వెండ్రుకవంటి పగులు పుట్టి, దినదినము లోనికి ప్రాకి, తుదకు ఒక్కనాడు తెగును. దీనినే లోహపు అలసట అందురు.

మన మిల్లునకు వర్తింపజేయుడు. నిమిషమునకు నూరు చుట్లు తిరుగు షాఫ్టు, గేరు త్రోపునకు ఒక్కొక్క చుట్టులో ఒకమారు ఇటును, ఒకమారు అటును వంగును. గంటకు ఆరువేల మారులు. దినమునకు ఇరువది గంటలు నడచిన లక్షా ఇరువదివేలు. తొమ్మిది దినములలో పదిలక్షలు దాటును. ఉక్కు అలసటకు తట్టుకొనునా లేదా అని తేల్చుటకు ప్రయోగశాలలో ఎంచు సంఖ్య సుమారుగా ఇదే. సంక్రాంతికి ముందు బిగించిన షాఫ్టు పండుగ వెళ్లునప్పటికే ఆ పరీక్షకు కూర్చున్నదన్నమాట!

ఇక మా కథ. కడపటి సంవత్సరమున మేమును మా సహాధ్యాయు లిరువురును ఒక జిన్నింగు మిల్లును అధ్యయనమునకు ఎన్నుకొంటిమి. మన వైపు మిల్లులలో నడచునది రెండు రోలర్ల యంత్రము. 1840లో అమెరికాలో ఫోన్స్ మెకార్తీ పేటెంటు పొందిన పద్ధతికి ఇది సంతతి. తోలుబిళ్లలు పేర్చి బిగించిన రోలరు, దానిని ఆనుకొని కదలని కత్తి. రోలరు దూదిని కత్తిక్రిందికి లాగికొనిపోవును. గింజ ఆ సందులో పట్టదు. ఊగులాడు మరియొక కత్తి ఆ గింజను తట్టి క్రింద పడవేయును. రంపపుపండ్ల యంత్రముకన్న ఇది పోగునెడ మృదువైనది.

ఆ యంత్రమున గేరును షాఫ్టును కలిపి పట్టునది “కీ” అను ఉక్కుముక్క. రెండింటిలోను గాడి చెక్కి, ఆ గాడిలో దానిని దిగగొట్టుదురు. ఆ మిల్లులో వారమునకు రెండుమారులు ఆ కీ తెగుచుండెను. మేము దత్తాంశగ్రంథము తెరచి, కీ పై పడు ఒత్తిడి లెక్కవేసి, అది బలహీనముగా ఉన్నదని తేల్చితిమి. మెత్తని ఉక్కునకు బదులు కాచి గట్టిపరచిన మేలిరకపు ఉక్కుతో కీ చేయింపుడని వ్రాసి యిచ్చితిమి. మిల్లు మేస్త్రి వృద్ధుడు. ఆ కాగితమును చూచి, “ఆ కీని విరగనీయండి బాబూ. అది విరిగితే అరగంట పని. అది విరక్కపోతే ఇంకేదో విరుగుద్ది” అనెను. మేము నవ్వుకొంటిమి. యజమాని మా మాటనే పాటించెను. కళాశాలలో మాకు మంచి మార్కులు వచ్చినవి.

నెల తిరుగకముందే ఒక రాత్రి తడిసిన ప్రత్తి ముద్ద రోలరునకు చుట్టుకొని యంత్రము బిగుసుకొనెను. మోటారు త్రిప్పుచునే యున్నది. కీ చెక్కుచెదరలేదు. పోతయినుపగేరు పండ్లు పగిలి, ముక్కలు తొడుగును చీల్చుకొని ఎగిరినవి. అచట నిలుచు కూలీ మంచినీళ్లకని కుండ దగ్గరకు పోయియుండెను గనుక బ్రతికిపోయెను. షాఫ్టు మెలిపడినది. క్రొత్త గేరు వచ్చువరకు పదునొకండు దినములు ఆ యంత్రము నిలిచిపోయెను. ప్రత్తి తెచ్చిన రైతులు ఆవరణలో రాత్రులు జాగరము చేసిరి. మేము మరల పోయినప్పుడు మేస్త్రి మమ్ము ఒక్క మాటయు అనలేదు. గోడవారగా పెట్టిన ఆ గేరుముక్కలను చూపి, టీ తెప్పించెను. ఆ టీ గొంతు దిగుట మాకు కష్టమైనది.

మా లెక్కలో తప్పు లేదు. తప్పు ప్రశ్నలోనే ఉన్నది. కీ ఏల విరుగుచున్నదని అడిగితిమే గాని, యంత్రము బిగిసినప్పుడు ఏది విరుగవలెనని అడుగలేదు. బలమంతయు గొలుసువలె ఒక భాగము నుండి మరియొకదానికి పోవుచుండును. పట్టరాని బలము వచ్చిననాడు ఆ గొలుసులో ఏదో యొకటి తెగక తప్పదు. ఆ తెగునది చౌకైనదై, చేతికందునదై, మనుష్యునకు దూరముగా తెగునదై ఉండునట్లు ముందుగానే ఏర్పరచుటయే రూపకల్పన. తక్కినవానికన్న కీని బలహీనముగా ఉంచుట లోపము కాదు, ఏర్పాటు. మాటిమాటికి అది తెగుచున్నచో మార్చవలసినది కీని కాదు. ప్రత్తి ఆరినదా, అందు రాళ్లు పుల్లలు ఉన్నవా, రోలరునకు ఒక్కపెట్టున ఎక్కువ అందించుచున్నారా అని వెదకవలెను. ఆ మిల్లులో తరువాత జరిగినదియు అదే. మునుపటి మెత్తని కీనే మరల వేసి, ప్రత్తిని ఆరబెట్టి విదిల్చి అందించుటకు ఒక బల్ల అమర్చిరి. కీ తెగుట నెలకొక్కటికి తగ్గెను.

శ్రోతలకు ఇది క్రొత్త సంగతి కాదు. మీ యింటి గోడమీది ఫ్యూజుతీగ చేయుచున్నది ఈ పనియే. అది కరుగుటచేతనే మీ రేడియో నిలిచియున్నది. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి, దాని స్థానమున లావుపాటి తీగ బిగించు గృహస్థులు లేకపోలేదు. మేము మిల్లులో చేసిన పనికిని దీనికిని భేదము లేదు.

ప్రత్తి నుండి మిరపకు వచ్చినచో ఈ విద్య మరియొక ముఖము చూపును. గుంటూరు మిరపయార్డు పరిసరములలో వేలకొలది స్త్రీలు కూర్చుండి కాయలకు తొడిమలు తీయుచుందురు. ఈ పనికి యంత్రములు చేయ యత్నించినవారు అనేకులు. ఇచట చిక్కు యంత్రము విరుగుట కాదు, కాయ విరుగుట. కాయ చిట్లినచో గింజ రాలును, ధర పడిపోవును. ఉక్కు బలమునకు పట్టిక కలదు గాని, నిన్నటి మంచుకు మెత్తబడిన కాయకును, నేటి ఎండకు పెళుసెక్కిన కాయకును పట్టిక ఏది? ఆ స్త్రీల వ్రేళ్లు కాయను ముట్టగనే తడిని ఎరిగి పట్టు మార్చుకొనును. యంత్రము చేయగోరు విద్యార్థి మొదట వారి సరసన కూర్చుండి నాలుగు బుట్టల కాయలకు తొడిమ తీయవలెను. ఆ యంత్రము వచ్చిననాడు వారి కూలి ఏమగునన్న ప్రశ్నయు అచట కూర్చున్నవానికే ముందుగా తట్టును.

నేటి విద్యార్థికి కంప్యూటరు కలదు. షాఫ్టు బొమ్మ గీచి బలము చెప్పిన చాలును, ఎచట ఒత్తిడి అధికమో ఎర్రరంగుతో చూపించును. మేము రాత్రులు మేల్కొని చేసిన లెక్క అది నిమిషములో చేయును. ఇది మేలే. అయినను బలమెంతయో చెప్పవలసినది మనుష్యుడే. పాఠ్యగ్రంథమున ప్రతి లెక్కయు “ఇంత బలము పడుచున్నది” అను మాటతో మొదలగును. మిల్లులో ఆ మాట చెప్పువా డుండడు. తడి ప్రత్తి చెప్పును, తెగిన కీ చెప్పును, చెవి పెట్టి వినగల మేస్త్రి చెప్పును.

కనుక రెండు విన్నపములు. మిల్లుల యజమానులారా, విరిగిన షాఫ్టులను, అరిగిన గేర్లను అన్నింటిని పాత యినుము క్రింద తూచివేయకుడు. ఏడాదికి నాలుగు ముక్కలు చెంతనున్న కళాశాలకు పంపుడు. అలసటచే తెగిన షాఫ్టు ముఖముమీద చెరువు అంచున నీరు తీసిన గీతలవంటి గీతలుండును. పగులు ఎచట పుట్టి ఎట్లు ప్రాకినదో అవి చెప్పును. బొమ్మలో నూరుమారులు చూచినదానికన్న చేత పట్టి చూచిన ఒక్క ముక్క విద్యార్థికి ఎక్కువ నేర్పును. తల్లిదండ్రులారా, సెలవులకు ఇంటికి వచ్చిన మీ బిడ్డను మార్కు లెన్నియని అడిగినమీదట, ఒకనాడు ఊరి మిల్లునకు తోడ్కొనిపొండు. నడచుచున్న యంత్రము ఎదుట నిలిపి, ఇది బిగుసుకొన్నచో ముందుగా విరుగున దేదియని అడుగుడు. తెలియదన్నచో చిన్నబుచ్చకుడు. ఆ మూలనున్న మేస్త్రి చెంతకు పంపి, మీరు వెలుపల వేచియుండుడు.