గోడ చక్రం పూర్వోత్తరాలు



నిరుడు నా కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా మా ఆవిడ సాయం కావాలి. ఫిజియోథెరపీ గదిలో గోడకు బిగించిన ఇనుప చక్రం తిప్పమన్నారు. ఈ వయసులో బరువులేమిటని భయపడి మూడో రోజే మానేశాను. పాత ఫైలు తిరగేయడం మన అలవాటు కదా, ఇటువంటి యంత్రాల పూర్వోత్తరాలు వెతికాను.

స్వీడన్‌లో లింగ్ గారి సంస్థ 1813లో మొదలైంది. అక్కడ శిక్షకుడే తన చేతులతో రోగి అవయవాన్ని పట్టి ఎదురు బలం ఇచ్చేవాడు. రోగికొక మనిషి కావాలి, పైగా ఆ మనిషీ అలసిపోతాడు! అందుకే డాక్టర్ గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోంలో 27 యంత్రాలతో చికిత్సాలయం తెరిచారు. బస్తాలు తూచే కాటాలో గుండు జరిపినట్టు, మీట మీద గుండు జరిపి రోగి ఓపికకు తగినంత బరువే పెట్టేవారు. బొత్తిగా కదపలేనివారి అవయవాలను ఆవిరి యంత్రం కదిలించేది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు బరువు మెట్టుమెట్టుగా పెంచే పద్ధతిని అమెరికాలో డాక్టర్ డెలార్మ్ 1945లో ప్రకటించారు.

అంటే బరువు మన ఓపికను బట్టేనన్నమాట. ఈ ముక్క ముందే అడిగి ఉంటే నెల రోజులు వృథా అయ్యేవి కావు. మళ్ళీ వెళ్ళాను. చక్రం మర బాగా వదులు చేసి ఇచ్చారు. ఇప్పుడు చొక్కా నేనే తొడుక్కుంటున్నాను. పై గుండీ మాత్రం ఇంకా మా ఆవిడే పెడుతోంది.