చెయ్యెత్తని తండ్రి

బిడ్డల్ని హింసించే తండ్రి అనగానే తాగుడు, బెల్టు దెబ్బలు గుర్తొస్తాయి. చార్లెస్ డికెన్స్ 1841లో రాసిన చారిత్రక నవల ‘బార్నబీ రడ్జ్’లోని సర్ జాన్ చెస్టర్ అలాంటివాడు కాదు. గొంతు పెంచడు, చిరునవ్వు చెదరనివ్వడు. అందుకే అతనంటే నాకు ఎక్కువ భయం.

1780లో లండన్‌ను తగలబెట్టిన గార్డన్ అల్లర్లు ఈ కథకు నేపథ్యం. చేతిలో ఆస్తి లేని చెస్టర్‌కు కొడుకు ఎడ్వర్డ్ ఒక పెట్టుబడి. డబ్బున్న పిల్లని కట్టుకుని తండ్రి విలాసాలు నిలబెట్టాలి. ఎడ్వర్డ్ ఎమ్మా అనే అమ్మాయిని ప్రేమిస్తే, అబద్ధాలాడి విడదీశాడు. ఎదురు తిరిగితే శపించి ఇంట్లోంచి గెంటేశాడు. ఈ పెద్దమనిషి ఇష్టంగా చదివేది లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ రచనలు. ఆ ప్రభువు పేరుమోసింది కొడుక్కి రాసిన ఉత్తరాలతోనే!

చెస్టర్ ఇంకో కొడుకు హ్యూ సంగతి మరీ ఘోరం. సత్రంలో గుర్రాలు చూసుకునే ఈ మొరటు కుర్రాడు, ఒక జిప్సీ స్త్రీకీ చెస్టర్‌కూ పుట్టినవాడు. దొంగనోట్లు మార్చిందని తల్లిని ఉరితీసేనాటికి పసివాడు. అల్లర్లలో పట్టుబడి తనూ ఉరికంబం ఎక్కబోతున్నప్పుడు, తాళాలు చేసే గేబ్రియల్ వార్డెన్ చెస్టర్ దగ్గరికెళ్లి, వాడు నీ బిడ్డేనని చెప్పాడు. తండ్రి మనసు కరుగుతుందని ఆ మంచి మనిషి ఆశ. చెస్టర్ నింపాదిగా విని, మర్యాదగా సాగనంపాడు. హ్యూను ఉరితీశారు.

చివరికి పాత పగవాడు హేర్‌డేల్ కత్తికి చెస్టర్ బలయ్యాడు. ఇల్లు వదిలాక వెస్టిండీస్ వెళ్లిన ఎడ్వర్డ్ మాత్రం తిరిగొచ్చి ఎమ్మానే పెళ్లాడాడు.