నోరెండిపోతే వయసు మీద నెట్టకండి

(సంఘం వార్షిక సభలో ఒక రిటైర్డ్ దంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్మినీరు గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శిగారు నవ్వారు. "బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉండగా ఇదేం టాపిక్కండీ!" అన్నారు. నోట్లో తడి ఉన్నంతకాలం దాని సంగతి ఎవరికీ పట్టదు మరి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అర లీటరు పాల ప్యాకెట్లతో లెక్కవేస్తే ఒకటి నుంచి మూడు ప్యాకెట్లు! చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఉన్న మూడు జతల గ్రంథులదే ఇందులో పెద్ద వాటా. ఊరికే కూర్చుంటే కొద్దికొద్దిగా ఊరుతుంది. ఆవకాయ జాడీ మూత తీస్తే సంగతి మీకు తెలిసిందే. నిద్రలో మాత్రం దాదాపు ఆగిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు పళ్ళు తోముకోమని మేము పోరేది అందుకే.

దీనిలో నూటికి 99 పాళ్ళు నీరే. కిటుకంతా మిగిలిన ఆ ఒక్క పాలులో ఉంది. అన్నం ముద్ద బాగా నమిలితే తియ్యగా అనిపిస్తుంది కదా, పిండిని చక్కెరగా మార్చే ఎమైలేజ్ అనే ఎంజైమ్ చేసే పని అది. పళ్ళను తినే ఆమ్లాన్ని విరిచేవీ, పంటికి కాల్షియం తిరిగి అందించేవీ, క్రిములను అదుపులో పెట్టేవీ అందులోనే ఉన్నాయి. నాలుకకు రుచి తెలియాలన్నా తడి ఉండాలి. కూర చప్పగా ఉందని ఇంట్లోవాళ్ళను కోప్పడే పెద్దలు ముందు తమ నోటి తడి చూసుకోవాలని నా మనవి.

ఇక అసలు విషయం. నాలుక పిడచకట్టుకుపోతోందంటే "వయసు మీద పడింది లెండి" అని సరిపెట్టుకుంటాం. కేవలం వయసు వల్ల నోరు అంతగా ఎండిపోదు. మన వయసులో ఎక్కువమందికి కారణం వేసుకునే మాత్రలే. జలుబుకు, దురదకు వాడే బిళ్ళలు, దిగులుకు ఇచ్చే కొన్ని మందులు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చేవి, ఒంట్లో నీరు తీసేవి, కొన్ని బి.పి. మాత్రలు – జాబితా చాలా పెద్దది. అదుపులో లేని షుగరు, తల, మెడ భాగాలకు ఇచ్చే రేడియేషన్ కూడా కారణాలే.

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు నా దగ్గరకు వచ్చారు. అప్పటికే రెండుసార్లు కట్టుడు పళ్ళు మార్పించుకున్నారు. రెండూ వదులే, చిగుళ్ళన్నీ పుళ్ళే. పై పళ్ళసెట్టును అంగిటికి అంటిపెట్టుకుని ఉండేలా చేసేది పలచని లాలాజలపు పొరేనండి. ఆయన నోట్లో అది లేదు. జేబులో నలుగురు డాక్టర్లు రాసిన నాలుగు చీటీలున్నాయి. ఒకరు రాసింది మరొకరు చూడలేదు. ఆయన ఫిజీషియన్ రెండు మందులు మార్చాక పాత సెట్టే నిలబడింది. నలుగురిలో భోంచేయడానికి సిగ్గుపడి ఏడాదిగా పెళ్ళిళ్ళకే వెళ్ళలేదట!

సొంత పళ్ళున్నవారికి బెడద ఇంకా ఎక్కువ. వయసుతో చిగుళ్ళు కిందికి జారి పళ్ళ వేళ్ళు బయటపడతాయి. వాటికి ఎనామిల్ రక్షణ లేదు. తడి లేని నోట్లో అవి త్వరగా పుచ్చిపోతాయి. ఎండిందని బుగ్గన పటికబెల్లమో, పిప్పరమెంటో పెట్టుకుంటే పుచ్చును పిలిచి కూర్చోబెట్టినట్టే. వక్కపొడి అసలు వద్దు.

మంచినీళ్ళు లేకుండా ఒక మేరీ బిస్కట్టు తిని చూడండి. గొంతు దిగకపోతే, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని మీ డాక్టరుగారి ముందు పెట్టండి. జలుబుకు మందుల షాపులో అడిగి కొన్నవి కూడా. మీ అంతట మీరు మాత్రం ఏదీ మానేయకండి, ముఖ్యంగా బి.పి. మాత్రలు. ఈలోగా గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు తాగండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీటిపై కట్టడి ఉన్నవారు నోరు తడుపుకుంటే చాలు. పళ్ళు గట్టిగా ఉన్నవారు చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చు, మనవలు నవ్వినా సరే.

నాకూ గొంతు ఆరిపోతోంది. మీ ప్రశ్నలు టీ తాగుతూ మాట్లాడుకుందాం. సెలవు.