మన దేహమందలి ప్రాచీన లిఖితములు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున, మనలో ప్రతివారి దేహమందును గల యొక గ్రంథమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

జీవకణములో డీ.ఎన్.ఏ. మూలగ్రంథము, ఆర్.ఎన్.ఏ. దాని నకలు. మూలమునుండి నకలు పుట్టుట లోకధర్మము. రిట్రోవైరస్సులన్ననో, నకలునుండియే మూలమును వ్రాసి, దానిని మన కణముల గ్రంథములో చేర్చివేయును. ఇట్లు వ్రాయు ఎంజైమును 1970లో టెమిన్, మిజుతానీలు ఒకచోటను, బాల్టిమోర్ వేరొకచోటను కనుగొనిరి.

ఆ వ్రాత బీజకణములో చేరెనా, ఇక వంశపారంపర్యముగ సంక్రమించును. మానవుని జన్యుగ్రంథములో నూటికి సుమారు 8 పాళ్లు ఇట్టి అవశేషములే. వానిలో పెక్కులు శిథిలములై మూగవోయినవి.

వీని వంశచరిత్ర యెట్లు తెలియును? రెండు తాటాకు ప్రతులలో ఒకేచోట ఒకే లేఖకదోషము కనబడినచో, రెంటికిని మాతృక యొక్కటేయని పరిష్కర్త నిశ్చయించును. మానవునియందును చింపాంజీయందును ఒకే స్థానమున ఒకే వైరసు వ్రాత యుండుటయు నట్టిదే: అది ఉభయుల పూర్వికునియందే చేరినదన్నమాట. మరియు, వ్రాత చేరిననాడు దాని రెండు కొసలును ఏకరూపములు. పిదప పుట్టిన భేదములను లెక్కించి వయస్సు కట్టుదురు. ఈ వంశము 45 కోట్ల యేండ్లకు పూర్వమే సముద్రజీవులలో పుట్టినదని 2017లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. కణములోనే చోటు మార్చుకొనుచు నకళ్లు వ్రాసికొను రిట్రోట్రాన్స్‌పోజానులు వీనికి జ్ఞాతులు.

శత్రువు ఒక్కొక్కప్పుడు బంధువగును. గర్భస్థశిశువును పోషించు మాయ యేర్పడుటకు తోడ్పడు సిన్సిటిన్ అను ప్రోటీను ప్రాచీన వైరసు జన్యువునుండియే వచ్చినదని 2000లో తేలెను.

ఇక హెచ్.ఐ.వి. దానిలో ప్రధానమైన రకము, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, ఆగ్నేయ కామెరూన్ చింపాంజీలనుండి మనుష్యులకు సోకినది; రెండవది పశ్చిమాఫ్రికా కోతులనుండి వచ్చినది. కావున అది దైవశాపమును కాదు, పాపఫలమును కాదు. కణములో చేరిన వ్రాతను తుడిచివేయు సాధారణ ఔషధము లేదు గనుక నిత్యము మందు పుచ్చుకొనవలెను. ఆ మందులలో ముఖ్యమైనవి వైరసు వ్రాతనే అడ్డును. మన దేశమున 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగ నిచ్చుచున్నారు. తాకుటవలనను, సహపంక్తి భోజనమువలనను ఇది సోకదు.

ఇది తెలిసియు రోగిని వెలివేయువాడు చదివియు చదువనివాడే. మన పఠనమందిరమున అట్టివారికి మన ప్రక్కనే ఆసనమిత్తము. అదియే యీ రజతోత్సవమునకు శోభ.