పంచాయతీ వైఫై పెట్టె క్షేమసమాచారము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతి యందు చేసిన ప్రసంగ పాఠము)



2011లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. ఆ తీగ చివర వైఫై యాక్సెస్ పాయింటును అమర్చుకొనిన పంచాయతీలు కలవు. పెట్టె పనిచేయుచున్నంత కాలము దానిని ఎవరును తలచుకొనరు. నిలిచిపోయినచో ఒకరు కరెంటు పోయినదందురు, మరొకరు లైను తెగినదందురు. నడుమ ధ్రువపత్రము కొరకు వచ్చిన వృద్ధుడు వట్టిచేతులతో తిరిగిపోవును.

ఈ తగవును తీర్చు సాధనము అనేక పెట్టెలలో ముందే కలదు. దానికి ఎస్.ఎన్.ఎం.పి. అని పేరు. ఇది 1988లో రూపొందిన ప్రశ్నోత్తర పద్ధతి. మండల కార్యాలయమందలి కంప్యూటరు 5 నిమిషముల కొకసారి పెట్టెను పలుకరించును. తాను ఎంతకాలముగా మేలుకొని యున్నదో, ఎంత సమాచారము సాగినదో పెట్టె అంకెలలో చెప్పును. తానై కబురు పంపు ఏర్పాటును గలదు. కాని కరెంటు పోయిన పెట్టె కబురెట్లు పంపును? కావున అడుగుచుండుటయే ప్రధానము.

ఉదయము 10 గంటలకు జవాబు ఆగి, 12 గంటలకు మరల వచ్చినదనుకొందము. అప్పుడు "5 నిమిషములుగా మేలుకొని యున్నాను" అని చెప్పినచో పెట్టెయే ఆగి మొదలైనదన్న మాట. కరెంటు పోయి యుండవచ్చును, ఎవరైనను మీట నొక్కి యుండవచ్చును, పెట్టెలోనే దోషముండవచ్చును. "40 దినములుగా" అని చెప్పినచో పెట్టె నిద్రపోలేదు, లోపము దారిలో నున్నది. ఈ లెక్కను జతపరచి ఫిర్యాదు వ్రాసినచో లైను వారు కాదనుట కష్టము. అయితే ఈ లెక్క సుమారు 497 దినములకు నిండి, మరల సున్నకు వచ్చును. దానిని చూచి భ్రమపడరాదు.

ఒక్క జాగ్రత్త. పాత రూపములలో రహస్యపదము తరచుగా "పబ్లిక్" అనియే యుండును. ఊరందరికి తెలిసిన తాళపుచెవి వంటిది! పైగా అది దారిలో తేటతెల్లముగా పోవును. 2002లో ప్రమాణముగా స్థిరపడిన 3వ రూపమునే పెట్టించుడు. అందు గుర్తింపునకు ఒకటి, గోప్యతకు ఒకటి సంకేతపదములు వేరువేరుగా నుండును. అనుమతి చదువుటకు మాత్రమే ఈయవలెను. 161వ పోర్టును మండల కంప్యూటరునకు తప్ప అన్యులకు తెరువరాదు.

ఇవి సాంకేతికుడు చేయు పనులే. కాని చేయుమని తీర్మానము వ్రాయవలసినవారు మీరు. సంకేతపదములను ముద్రవేసిన కవరులో కార్యదర్శి వద్ద ఉంచుడు. పెట్టె బిగించిన గుత్తేదారు వద్ద మాత్రమే ఉండనీయకుడు.